ముగ్గుపిండి నుంచి గోడ మీద చార్టు దాకా

ఈ సంపుటం చివర కొన్ని పేజీల్లో బొమ్మలు ఉన్నాయి. నిలువు కడ్డీలు, ఎక్కుతూ దిగుతూ పోయే గీతలు, ముక్కలు కోసిన అట్టు లాంటి గుండ్రాలు. పోయినేడాది నివేదిక పంచినప్పుడు మనలో చాలామంది ముందు గ్రూపు ఫోటోల్లో తమ ముఖం వెతుక్కున్నారు, తర్వాత తీర్మానాలు చూశారు, ఈ బొమ్మల పేజీలు మాత్రం తిప్పేశారు. "అయ్యి ఆఫీసోళ్ల కోసం కదండీ" అని ఒక అక్క అంది. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆ బొమ్మల్లో ఉన్నది మన పొదుపు, మన అప్పు, మన వాయిదా. మనవి మనమే చదవకపోతే ఇంకెవరో చదివి మనకి చెప్తారు. అందుకే ఈసారి ఈ బొమ్మలు ఎక్కడ పుట్టాయి, మన దాకా ఎలా వచ్చాయి, వాటితో మన రాష్ట్రంలో మేలు, కీడు ఏం జరిగాయో నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాం.

అసలు అంతర్వేది మనిషికి అంకె చదవడం కొత్త కాదు. శ్రావణ భాద్రపదాల్లో గోదారి ఎర్రబడితే చదువు రాని ముసలమ్మ కూడా "ధవళేశ్వరం దగ్గర ఎంతుందంట?" అని అడుగుతుంది. కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులంటే మొదటి హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. నీటి లెక్కలో చెప్తే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. అంతకన్నా ముందు భద్రాచలం కబురు వస్తుంది: 43 అడుగులు, 48, 53. ఈ ఆరు అంకెలు మనకి నోటికి వచ్చు. టీవీలో వాటిని గీత గీసి చూపిస్తే ఆ గీత ఇంకా ఎక్కుతోందా, నిలబడిందా, దిగుతోందా అని చూస్తాం. దాన్నిబట్టే గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాలా, బియ్యం బస్తా అటక ఎక్కించాలా అన్నది తేల్చుకుంటాం. చార్టు చదవడం అంటే ఇదే. పేరు తెలీకుండానే మనం ఎప్పట్నుంచో చేస్తున్నాం.

ఇక్కడే ఒక మెలిక చెప్పాలి. 1986 ఆగస్టు వరద మన పెద్దవాళ్లకి ఇంకా కళ్లముందే ఉంది. 2022 జులై వరద అందరం చూశాం. భద్రాచలంలో 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు. ఈ రెండిటికీ పక్కపక్కన కడ్డీలు గీస్తే దాదాపు సమానంగా కనిపిస్తాయి. ఒకటి వంద ఉంటే రెండోది 94. అదే ధవళేశ్వరం నుంచి సముద్రానికి వదిలిన నీరు లెక్క వేసి గీయండి. 1986లో 35 లక్షల క్యూసెక్కులు, 2022లో సుమారు 26 లక్షలు. ఇప్పుడు రెండో కడ్డీ మొదటి దాంట్లో నాలుగింట మూడొంతులే ఉంటుంది. రెండు బొమ్మలూ నిజమే. ఒకటి అడుగుల్లో కొలిచింది, ఒకటి నీటి పరిమాణంలో కొలిచింది, పైగా రెండూ వేరువేరు చోట్ల కొలిచినవి. మరి మన లంకలో ఉండే మనిషికి ఏది నిజం? తన గుమ్మంలోకి ఎంత నీరొచ్చింది అన్నదే. అది ఈ రెండు బొమ్మల్లోనూ లేదు. అమావాస్యకో పున్నానికో సముద్రం పోటు మీద ఉంటే వశిష్ట నీరు బయటికి పోదు, కాలవల్లోకి ఎగదన్నుతుంది. ఆ సంగతి ధవళేశ్వరం అంకెలో దొరకదు. కాబట్టి బొమ్మ చూడగానే అడగాల్సిన మొదటి మాట: ఏం కొలిచారు, ఎక్కడ కొలిచారు?

అంకెల్ని బొమ్మగా గీయాలని ఎవరికి తట్టింది అంటే, ఇప్పుడు మనం చూసే కడ్డీల బొమ్మనీ గీతల బొమ్మనీ పుస్తకంగా అచ్చువేసి వాడకంలోకి తెచ్చిన మనిషి విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండు ఆయన. 1786లో ఇంగ్లండు ఎగుమతులూ దిగుమతులూ ఏటేటా ఎలా మారాయో గీతలుగా వేశాడు. స్కాట్లండు విషయానికి వచ్చేసరికి ఆయన దగ్గర ఒక్క ఏడాది లెక్కే ఉంది. ఒక్క ఏడాదికి గీత రాదు కదా. అందుకని ఒక్కో దేశంతో జరిగిన వ్యాపారానికి ఒక్కో కడ్డీ గీశాడు. అలా పుట్టింది బార్ చార్టు. పిల్లల లెక్కల పుస్తకంలో దీన్నే కమ్మీ చిత్రం అంటున్నారు. 1801లో గుండ్రంగా కోసిన ముక్కల బొమ్మ, పై చార్టు, కూడా ఆయనే గీశాడు.

కానీ ఈ బొమ్మలకి ప్రాణం పోసింది ఒక ఆడమనిషి. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీరు నర్సుగా విని ఉంటారు. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకి సేవ చెయ్యడానికి వెళ్లింది. అక్కడ ఆమె చూసింది ఏమిటంటే, తుపాకి దెబ్బకి పోయేవాళ్లకన్నా ఆసుపత్రిలో మురికికీ, విరోచనాలకీ, జ్వరాలకీ పోయేవాళ్లే ఎక్కువ. తిరిగొచ్చాక ఆ లెక్కంతా కూర్చింది. పట్టికలుగా ఇస్తే మంత్రులు చదవరని ఆమెకి తెలుసు. 1858లో ఏడాదికి పన్నెండు నెలలూ పన్నెండు ముక్కలుగా, విసనకర్ర విప్పినట్టు ఒక బొమ్మ గీయించింది. గాయాలతో పోయినవాళ్లు ఎరుపు రంగు, ఆపగలిగిన రోగాలతో పోయినవాళ్లు నీలం రంగు. నీలం ముక్కలు ఎరుపు వాటిని మింగేసినట్టు కనపడతాయి. ఎవరైనా ఒక్క చూపులో గ్రహిస్తారు. అదే ఏడాది ఇంగ్లండు గణాంక సంఘంలో సభ్యత్వం దక్కిన మొదటి స్త్రీ అయింది.

ఆమె మన దేశంలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అయినా మన గోదారితో ఆమెకి సంబంధం ఉంది, ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, కట్టించింది ఆర్థర్ కాటన్. ఆనకట్ట కావాలని వాదించడానికి ఆ రోజుల్లో అధికారులు చూపించింది జనాభా లెక్కలే. 1821లో 7 లక్షలు దాటి ఉన్న రాజమండ్రి జిల్లా జనం ఇరవై ఏళ్లలో 6 లక్షల లోపుకి పడిపోయారు. కరువులకి పోయినవాళ్లు కొందరు, ఊరు వదిలి వలస పోయినవాళ్లు కొందరు. తర్వాత 1876-78 కరువులో మద్రాసు రాజ్యమంతా జనం చచ్చిపోతుంటే కాలవలున్న గోదారి డెల్టా నిలబడింది. రైలు మార్గాలకి పెట్టిన డబ్బులో కొంతైనా కాలవలకి పెట్టండి అని కాటన్ లండన్‌లో పోరుతుంటే, ఆయనకి తోడుగా కలం పట్టింది నైటింగేల్. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. మన ఇళ్లల్లో కాటన్ దొరని తలుచుకోని వాళ్లు లేరు. ఆ దొర పక్కన లెక్కలు పట్టుకుని నిలబడిన ఆ తల్లిని కూడా తలుచుకుందాం.

ఇంకో అమ్మ సంగతి కూడా. ప్రపంచంలో లెక్కల శాస్త్రంలో గొప్ప పేరున్న సి.ఆర్.రావు గారు మన తెలుగాయన. 1920లో ఇప్పటి కర్ణాటకలో ఉన్న హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 102 ఏళ్లు బతికి 2023లో పోయారు. చిన్నప్పుడు తెల్లారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మ గారి వల్లే తనకి ఈ విద్య అబ్బిందని ఆయన తన పుస్తకం మొదట్లో రాసుకున్నారు. పిల్లల్ని లేపే మనకి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాం.

సరే, మన వైపుకి వద్దాం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. లేసు అల్లిక ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. ఇవతలి ఒడ్డున కూడా క్రోషీ సూది పట్టని ఇల్లు తక్కువ. 1970లు ముగిసే రోజుల్లో మారియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు ఈ ఊళ్లల్లో తిరిగి లేసు అల్లేవాళ్ల బతుకు రాసింది. 1982లో అది పుస్తకమైంది. ఆమె పట్టుకున్న విషయం ఇది: లక్ష మందికి పైగా ఆడవాళ్లు రోజుకి ఆరేడు గంటలు అల్లుతున్నారు, ఆ సరుకు ఓడలెక్కి విదేశాలకి పోతోంది, షావుకార్లు మేడలు కడుతున్నారు. జనాభా లెక్కల్లో చూస్తే వాళ్లలో ఎక్కువ మంది కూలీలూ కారు, పనివాళ్లూ కారు, ఊరికే ఇంట్లో ఉండే గృహిణులు. లేసు పనేమో "తీరిక వేళ పని". రోజంతా అల్లినా చేతికి రూపాయి కూడా రాని రోజులవి.

అంటే ఆ రోజుల్లో ఎవరైనా ఈ తాలూకాలో ఏ పనికి ఎంతమంది ఉన్నారని బార్ చార్టు గీసి ఉంటే వ్యవసాయానికి పెద్ద కడ్డీ, చేపల వేటకి ఒక కడ్డీ వచ్చేవి. లేసుకి మాత్రం బెత్తెడు కడ్డీ. బొమ్మ గీసినాయన తప్పేం చెయ్యలేదు, ఆయనకి ఇచ్చిన అంకెలు ఆయన గీశాడు. తప్పు అంతకు ముందే, ఫారం నింపేటప్పుడు గుమ్మంలో జరిగిపోయింది. ఇప్పటికీ సర్వేకి వచ్చినప్పుడు "ఏం చేస్తావమ్మా" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే" అనేస్తున్నాం. చేతిలో సూది, పక్కన దారపు ఉండ, దొడ్లో గేదె, ఒలుపుకి వచ్చిన కొబ్బరికాయల రాశి, వీటన్నిటి మధ్యా కూర్చునే ఆ మాట అంటున్నాం. అక్కడ నోరు తెరిచి చెప్పకపోతే తర్వాత ఏ చార్టులోనూ మనకి చోటు ఉండదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. అల్లే చేతులు ఎన్ని అన్న లెక్క కూడా అంత శ్రద్ధగా తియ్యమని అడగాలి మనం.

సంఘాల కాలానికి వస్తే, నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ల కథ మనందరం వినే ఉన్నాం. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ పాఠంలో సారా కథ చదివి, మన ఊళ్లోనూ ఇదే కదా అనుకుని లేచారు. 1993 అక్టోబరులో సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకి రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. 2000లో వెలుగు పథకం వచ్చింది, ముందు ఆరు జిల్లాల్లో, తర్వాత మిగతా జిల్లాలకి.

వెలుగుతో వచ్చిన పద్ధతుల్లో మనకి బాగా నచ్చింది ముగ్గు. ఊరి మధ్య నేల ఊడ్చి, రంగు ముగ్గుపిండితో వీధులు, ఇళ్లు, చెరువు, గుడి గీసేవారు. దాన్ని సామాజిక పటం అన్నారు. ఏ ఇల్లు నిరుపేద, ఏ ఇల్లు పేద, ఎవరు మధ్యతరగతి అన్నది అందరి ముందూ గుర్తులు పెట్టేవారు. కాగితం మీద పెన్నుతో అయితే ఒకడి చేతిలో ఉంటుంది. నేల మీద ముగ్గయితే ఎవరైనా వంగి చెరిపి దిద్దొచ్చు. "ఆవిడకి రెండెకరాలుంటే నిరుపేద ఏంటి", "ఆ డాబా వాళ్ల మరిదిది, ఆవిడ వెనక పాకలో ఉంటోంది" అని అక్కడికక్కడే వాదన తేలిపోయేది. చింతపిక్కలతో ఖర్చుల లెక్క కూడా అలాగే. ఇరవై పిక్కలు ఇచ్చి, ఇంటి ఖర్చు ఇరవై అనుకుంటే తిండికి ఎన్ని, మందులకి ఎన్ని, వడ్డీకి ఎన్ని అని కుప్పలు పెట్టమంటే, ఏ బడికీ పోని మనిషి కూడా క్షణంలో పెట్టేస్తుంది. వరసగా పేరిస్తే బార్ చార్టు, గుండ్రంగా పేరిస్తే పై చార్టు. వడ్డీ కుప్ప ఎంత పెద్దదో చూసి తనే అదిరిపోయిన వాళ్లు మనలో ఉన్నారు.

ఇక చెప్పక తప్పని కీడు సంగతి. 2000 తర్వాత మన సంఘాలతో పాటే వారం వారం వసూలు చేసే ప్రైవేటు మైక్రో ఫైనాన్సు సంస్థలు కూడా ఊళ్లల్లోకి దిగాయి. వాళ్ల చార్టులు చూడముచ్చటగా ఉండేవి. అప్పు ఇచ్చిన గీత ఏటికేడు పైకి పోతోంది. రికవరీ కడ్డీ 98, 99 శాతం. ఆ రెండు బొమ్మలు చూపించి పేదరికం తగ్గిపోతోందని చెప్పారు, పెట్టుబడులు తెచ్చుకున్నారు. అదే బొమ్మని మన గుమ్మంలోంచి చూస్తే? అప్పు ఇచ్చిన గీత ఎక్కిందంటే మన నెత్తిన అప్పు ఎక్కింది. 99 శాతం కట్టారంటే ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టారు. ఒకే మనిషి మీద మూడు నాలుగు అప్పులు. 2006లో కృష్ణా జిల్లాలో గొడవై, అధికారులు శాఖలు మూయించారు. గీత మళ్లీ ఎక్కింది. 2010 నాటికి వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వచ్చి అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అంతే, 99 శాతం ఉన్న కడ్డీ కుప్పకూలింది. నిన్నటిదాకా అంత గట్టిగా ఉన్నది ఒక్క నెలలో అలా ఎలా పడుతుంది? ముందు నుంచీ లోపల డొల్లే. "కట్టిందా" అని అడిగారు గానీ "ఎక్కడ తెచ్చి కట్టింది" అని ఎవరూ అడగలేదు, ఆ కడ్డీ ఎవరూ గీయలేదు.

ఇది వాళ్ల మాటే అనుకుని మనం పక్కకి తప్పుకోకూడదు. మన సమాఖ్య మీటింగుల్లో కూడా రికవరీ నూటికి నూరు అంటే చప్పట్లు కొడుతున్నాం. రోజువారీ ఫైనాన్సు వాడి దగ్గర తెచ్చి సంఘం వాయిదా కట్టిన చెల్లెలు ఆ చప్పట్లలో తల దించుకుని కూర్చుంటోంది. మాకు తెలుసు, మాలో కొందరం అలా కూర్చున్నవాళ్లమే.

మా పొరపాటు కూడా ఒకటి ఒప్పుకోవాలి. సమాఖ్య గోడ మీద సంఘాల పొదుపు చార్టు మొదటిసారి గీసినప్పుడు కాగితం చాలదని కింద సున్నా దగ్గర నుంచి కాకుండా 47 వేల దగ్గర నుంచి మొదలుపెట్టాం. అంకెలు మార్చి చెప్తున్నాం, అర్థం కోసమే: ఒక సంఘం పొదుపు 48 వేలు, ఒకదానిది 50 వేలు అనుకోండి. 47 నుంచి గీస్తే మొదటి దానికి ఒక గడి, రెండో దానికి మూడు గడులు. అంటే ఒకటి మూడింతలు ఉన్నట్టు కనపడుతుంది, నిజానికి తేడా రెండు వేలే. ఆ చిన్న కడ్డీ సంఘం వాళ్లు రెండు మీటింగులకి రాలేదు. ఎందుకు రాలేదో మాకు తెలిసేసరికి నెల దాటింది. కడ్డీలు గీసేటప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టాలి. కాగితం చాలకపోతే గడి విలువ పెంచుకోవాలి. వరద గీత సంగతి వేరు, అది 43 అడుగుల నుంచి చూపించినా మోసం లేదు, ఎందుకంటే అక్కడ మనకి కావలసింది ఎక్కుతోందా దిగుతోందా అన్నదే.

సగటు దగ్గర కూడా ఇలాంటిదే. పది మంది సంఘంలో తొమ్మిది మందికి తలా 20 వేల అప్పు, ఒక్కరికి 2 లక్షల 20 వేలు అనుకుందాం. మొత్తం 4 లక్షలు, సగటు 40 వేలు. చార్టులో 40 వేల కడ్డీ నిలబడుతుంది. ఆ సంఘంలో 40 వేల అప్పు ఉన్న మనిషి ఒక్కరూ లేరు. అందుకని ఈసారి అప్పుల పేజీలో సగటు ఒక్కటే వెయ్యొద్దని, ఎంత అప్పు ఉన్నవాళ్లు ఎంతమంది అని వేరుగా కడ్డీలు వెయ్యమని అడిగాం.

గుండ్రం బొమ్మ చూసేటప్పుడు అట్టు గుర్తుపెట్టుకోండి. చంటిదానికి వేసిన బుల్లి అట్టులో సగం, పెద్దాయనకి వేసిన అట్టులో సగం రెండూ సగమే, కడుపు నిండేది ఒకటే కాదు. రెండు సంఘాల్లోనూ అప్పులో సగం వ్యాపారానికి వాడారు అని రెండు అట్లు గీస్తే, మొత్తం ఎంత అని కింద రాసిన అంకె చూడకుండా పోల్చకండి.

వచ్చే నెల గ్రామ సమాఖ్య మీటింగులో ఈ సంపుటం తెరిచి బొమ్మల పేజీలు అందరం కలిసి చదువుదాం. మీ మీ సంఘం పేరు దగ్గర వేలు పెట్టి, ఆ అంకె మీ మినిట్స్ పుస్తకంలోనూ మీ పాసుపుస్తకంలోనూ ఉన్నదానితో కలిసిందో లేదో బుక్‌కీపర్‌ని అడగండి, ఆవిడేం అనుకోదు. వాయిదా ఎక్కడి నుంచి తెచ్చి కట్టామన్న చార్టు మాత్రం ఈ పుస్తకంలో లేదు. అది పేర్లు లేకుండా గీయాలనుకుంటున్నాం. గోడ దగ్గర నాలుగు మూతల డబ్బాలు పెడతాం: మన సంపాదన, ఇంట్లోవాళ్లు ఇచ్చినది, సంఘంలోనే ఇంకో అప్పు, బయట వడ్డీ. ఎవరి పిక్క ఎవరు వేశారో ఎవరూ చూడరు. తలా ఒక చింతపిక్క కొంగున కట్టుకుని రండి.